యంత్రము చెప్పు సాక్ష్యము

మీ వృత్తి యేమి యని నన్నడిగినవారికి నేను ఉపాధ్యాయుడనని చెప్పుదును. ఏమి బోధింతురని వారు రెండవ ప్రశ్న వేసినప్పుడే చిక్కు వచ్చును. కంప్యూటరు నేరముల పరిశోధనయు, డిజిటల్ సాక్ష్యముల పరీక్షయు నేను బోధించు విషయములు. ఈ మాట వినగానే కొందఱు జేబులోని సెల్‌ఫోను తీసి, పోయిన ఫోటోలు తిరిగి తెప్పింపుడని నా చేతిలో పెట్టుదురు. మఱికొందఱు గొంతు తగ్గించి, ఒకరి ఫోనులోనికి వారికి తెలియకుండ చొరబడుట యెట్లో చెప్పుడందురు. మా పెద్దమ్మగారొకరు నేను పోలీసుశాఖలో గొప్ప యుద్యోగము చేయుచున్నానని పదునైదేండ్లుగా నలుగురితోను చెప్పుచునే యున్నారు. ఆమె మాటను దిద్దుట నేను మానుకొంటిని. నేను పోలీసును గాను, వకీలును గాను, దొంగలను పట్టువాడనును గాను. యంత్రములలో మిగిలిన జాడలను చదువుటయు, ఆ చదువును పిల్లలకు నేర్పుటయు, అప్పుడప్పుడు న్యాయస్థానము పిలిచినచో పోయి నేను చదివినదానిని చెప్పుటయు నా పని. ఈ విద్యను అభ్యసింపగోరు యువకులును, వారి తలిదండ్రులును ఇటీవల నన్ను చాలమంది ప్రశ్నించుచున్నారు గనుక, ఇందులో నున్నదేమో, లేనిదేమో శ్రోతలకు కొంత విన్నవింపదలచితిని.

ఇందులోనికి నేను వచ్చిన త్రోవ కొంచెము వంకరది. మా తండ్రిగారు గోదావరి సీమలో నొక చిన్న గ్రామమునకు కరణముగా నుండిరి. 1984వ సంవత్సరమున ప్రభుత్వము కరణీకములను రద్దుచేయువఱకు మా యింటి వసారాలో అడంగలులును శిస్తులెక్కలును దొంతరలుగా నుండెడివి. ఒకనాడెవరో యొక పాత కౌలులెక్క తెచ్చి చూపగా ఆయన దానిని నాలుగుమాఱులు త్రిప్పి చూచి, “ఇది పన్నెండేండ్ల లెక్క కాదు, ఒక్క రాత్రి కూర్చుండి వ్రాసిన లెక్క” యనిరి. సిరా యొక్కటే, కలము నొక్కటే. చేతివ్రాతలో అలసటమాత్రము పుటపుటకును హెచ్చుచుండెను. “వ్రాసినదెవరండీ?” యని తెచ్చినవాడడిగెను. “అది కాగితము చెప్పదు నాయనా. అది చెప్పినంతవఱకు నేను చెప్పితిని” అని మా తండ్రిగారు భోజనమునకు లేచిరి. ఆనాటికి నాకా మాట రుచింపలేదు. దొంగ యెవరో చెప్పని విద్య యేమి విద్య యని తోచినది.

పిమ్మట నేను గణితము చదివి, కంప్యూటరు శాస్త్రములో పట్టము పొంది, ఒక యింజనీరింగు కళాశాలలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్పుచుంటిని. 2000వ సంవత్సరమున సమాచార సాంకేతిక విజ్ఞాన చట్టము పుట్టి, ఆ యేట అక్టోబరు 17వ తేదినుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టముక్రింది నేరములను డిప్యూటీ సూపరింటెండెంటుకు తక్కువగాని యధికారియే పరిశోధింపవలెనని మొదట నియమ ముండెను. 2008లో చేసిన సవరణ మఱుసటియేట అమలులోనికి రాగా, ఇన్‌స్పెక్టరులకును ఆ యధికారము కలిగెను. అధికారమయితే వచ్చినది, విద్య యెక్కడనుండి రావలయును? కంప్యూటరు స్వాధీనము చేసికొనుటకు పోయి, తెరను మీటలపలకను తెచ్చి, డిస్కు నున్న పెట్టెను అక్కడనే వదలివచ్చిన కథలు ఆ దినములలో తఱచుగా వినబడుచుండెను. అధికారులు కళాశాలల గడప త్రొక్కసాగిరి. అట్లు నా గదికి వచ్చినవారికి పాఠము చెప్పుటకై నేను చదువుకొనవలసివచ్చినది. చదువుకొన్నకొలది పాత విద్యను వదలి ఇందులోనే నిలిచిపోయితిని.

ఈ విద్య క్రొత్తదని లోకులనుకొందురు. దీని పనిముట్లు క్రొత్తవి గాని, దీని బుద్ధి పాతది. ఫ్రాన్సుదేశమున లియోను నగరములో 1910వ సంవత్సరమున ఎడ్మండు లోకార్డు అను పండితుడు పోలీసు ప్రయోగశాల నొకదానిని స్థాపించెను. రెండు వస్తువులు తాకినచో ఒకదానిది మఱియొకదానికి అంటకమానదని ఆయన సిద్ధాంతము. అంతకు పూర్వమే, 1858లో, బంగాళమున జంగీపూరులో విలియం హెర్షెలు అను దొర రోడ్డుకంకర కంట్రాక్టరుచేత ఒడంబడికపై చేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ప్రపంచములో అట్టి కార్యాలయములలో అది మొట్టమొదటివానిలో నొకటి. అందు ముద్రలను వర్గములుగా విభజించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హకు, హేమచంద్రబోసు అను నిద్దఱు భారతీయులు మిక్కిలి శ్రమించిరి. పేరుమాత్రము పైయధికారియైన హెన్రీదొరకు దక్కెను. పాఠము మొదటి దినముననే నేనా యిద్దఱి పేర్లు నల్లబల్లపై వ్రాయింతును.

కంప్యూటరు సాక్ష్యమునకును వ్రేలిముద్ర వంటిది యొకటి కలదు. దానిని హాష్ సంఖ్య యందురు. ఒక డిస్కు మాకు చేరినప్పుడు మేమా డిస్కును తెఱచి చూడము. వ్రాతను అడ్డగించు పరికరము నొకదానిని నడుమ నుంచి, మొదటి యక్షరమునుండి తుదియక్షరమువఱకు నకలు తీయుదుము. పరీక్ష యంతయు నకలుమీదనే. అసలునకును నకలునకును భేదము లేదని తెలియుటెట్లు? రెండింటిని ఒక గణితవిధానముగుండ నడిపింతుము. ఎంత పెద్ద డిస్కయినను అఱువదినాలుగు గుర్తుల సంఖ్య యొకటి వెలువడును. లక్షపుటల గ్రంథములో ఒక్క కామా మార్చినను ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మాఱిపోవును. ఈ విధానములును శాశ్వతములు గావు. ఎం.డి.5 అను విధానము 1990ల మొదట పుట్టి, 2004లో చీనాదేశపు గణితజ్ఞురాలు వాంగ్ షియావ్యున్ బృందముచే భేదింపబడెను. అనగా రెండు వేఱువేఱు పత్రములకు ఒకే సంఖ్య వచ్చునట్లు వారు చేసి చూపిరి. దాని తరువాతిదైన షా-1 విధానమునకు 2017లో అదే గతి పట్టెను. నేడు మేము వాడు షా-256 ఇప్పటికి చెక్కుచెదరలేదు.

ఇక తుడిచివేసిన ఫైలు మరల వచ్చుట యెట్లను ప్రశ్న అందఱును వేయుదురు. గ్రంథాలయములో పట్టిక యొకటి, బీరువాలు వేఱొకటి గదా. మీరు తుడిచివేసినది సాధారణముగా పట్టికలోని పేరును మాత్రమే. పుస్తకము బీరువాలోనే యుండును, ఆ చోటునకు మఱియొక పుస్తకము వచ్చువఱకు. సింసన్ గార్‌ఫింకెలు, అభి షెలత్ అను నిద్దఱు పరిశోధకులు అమెరికాలో మసాచుసెట్సు సాంకేతికవిద్యాలయమున నున్నప్పుడు 2000, 2002 సంవత్సరముల నడుమ పాతసామానులలో అమ్మిన 158 డిస్కులను కొని చూచిరి. పనిచేసిన 129లో పండ్రెండు మాత్రమే సరిగా శుభ్రము చేయబడి యుండెను. మిగిలినవానిలో ఋణకార్డుల సంఖ్యలు వేలకొలదియు, రోగుల వివరములును బయటపడెను. ఒక డిస్కు బ్యాంకు నగదుయంత్రమునుండి వచ్చినదట! పాత ఫోనులను వీథిలో ప్లాస్టికు బిందెలకు మార్పువేయు గృహిణులు ఈ సంగతి నాలకింతురుగాక.

పోలీసుల చేతిలోని నేర్పుగా నుండిన ఈ పని శాస్త్రముగా మాఱుట నాలుగు దశాబ్దములకు లోబడిన కథ. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్లీ ప్రయోగశాలలో క్లిఫర్డు స్టోలు అను ఖగోళశాస్త్రజ్ఞుడు కంప్యూటరు లెక్కలలో డెబ్బదియైదు సెంట్ల తేడాను విడువక వెంబడించి, తుదకు జర్మనీలోనుండి చొరబడుచున్న గూఢచారివఱకు పోయెను. 1988 నవంబరు 2వ తేదిన కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు విడిచిన పురుగువంటి ప్రోగ్రాము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినప్పుడు, పర్డ్యూ విశ్వవిద్యాలయమున యూజీను స్పాఫర్డు దాని యంతర్భాగములను విప్పి చూచి వ్యాసము వ్రాసెను. వ్రాతనుబట్టి వ్రాసినవానిని గుర్తింపవచ్చునా యను ప్రశ్నను ప్రోగ్రాములకు అన్వయించినవారిలో ఆయన యొకడు. 2001లో న్యూయార్కు రాష్ట్రమున యుటికా పట్టణమున పండితులు సమావేశమై ఈ శాస్త్రమునకు నిర్వచనము నిర్ణయించుకొనిరి. మన దేశమున 2009లో గుజరాతులో వెలసిన ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయము 2020లో జాతీయ విశ్వవిద్యాలయమైనది.

జాడ యెంతవఱకు పోవునో, ఎక్కడ నాగునో తెలుపుటకు నేను విద్యార్థులకు తప్పక చెప్పు కథ యొకటి కలదు. అమెరికాలో విచిటా నగరమున 1974 మొదలు 1991 వఱకు పదిమందిని చంపిన హంతకుడు, చాలకాలము మౌనముగా నుండి, 2004లో మరల పత్రికలకు ఉత్తరములు వ్రాయసాగెను. ఫ్లాపీ డిస్కు పంపినచో నన్ను కనుగొనగలరా యని వాడు పోలీసులనే యడిగెను! ఫరవాలేదని వారు పత్రికాప్రకటన ద్వారా బదులిచ్చిరి. 2005 ఫిబ్రవరిలో వాడు పంపిన డిస్కులో, తుడిచివేసిన పత్రము నొకదానిని పరీక్షకులు బయటికి తీసిరి. దానియందు ఒక చర్చి పేరును, డెన్నిస్ అను పేరును నిలిచియుండెను. ఆ చర్చిసంఘమునకు అధ్యక్షుడు డెన్నిస్ రేడరు. ఇంతవఱకు విని మా పిల్లలు చప్పట్లు కొట్టుదురు. తరువాతి భాగమునందే నాకు గౌరవము. ఆ పేరు దొరికినంతమాత్రమున పోలీసులు తృప్తిపడలేదు. వాని కుమార్తె వైద్యపరీక్షకిచ్చిన నమూనాతో, హత్యాస్థలములలో దొరికిన జాడలను పోల్చి చూచి, రక్తసంబంధము తేలిన పిమ్మటనే వానిని నిర్బంధించిరి. డిస్కు ఒక యంత్రమునకును ఒక పేరునకును త్రోవ చూపెను. మనుష్యుని నిర్ధారించినది వేఱొకటి.

మా విద్యలో అన్నింటికంటె తేలికగా కనబడి అన్నింటికంటె మోసగించునది కాలము. యంత్రము గంట, నిమిషము, సెకండు వ్రాసియుంచును గదా, ఇక సందేహమేమని మీ రనవచ్చును. కాని యే గడియారము? నేడు ఎక్కువగా వాడుకలోనున్న విండోసు యంత్రముల డిస్కు కాలమును 1601వ సంవత్సరము జనవరి 1వ తేదినుండి, సెకండులో కోటివవంతు ప్రమాణముగా, లెక్కించుచుండును. యునిక్సు కుటుంబపు యంత్రములకు కాలము 1970 జనవరి 1వ తేదితో మొదలగును. కెమెరాలలోను చిన్న జ్ఞాపకపు కడ్డీలలోను వాడు పాతపద్ధతిలో, ఫైలు మార్చిన కాలము రెండేసి సెకండుల మెట్లతో, అదియును స్థానిక కాలములో వ్రాయబడును. తక్కినవి అంతర్జాతీయ ప్రమాణకాలములో వ్రాయును. దానిని పూర్వము గ్రీనిచ్ కాల మనెడివారము. మన కాలము దానికంటె అయిదున్నర గంటలు ముందు. అయిదున్నర గంటలు! ఒక మనిషి ఇల్లు విడిచి, పని ముగించుకొని, తిరిగి యిల్లు చేరుటకు సరిపోవును. పరీక్షకుని సాఫ్టువేరు ఏ కాలమున చూపుచున్నదో ఆ సాఫ్టువేరులోనొక మూల చిన్న యక్షరములతో వ్రాసియుండును. నివేదిక అచ్చువేయునప్పుడు ఆ మూల యొక్కొకమాఱు కాగితముపైకి రాదు.

కొన్నేండ్ల క్రిందట సముద్రతీరపు పట్టణమొకదానిలో ఒక అప్పుల సంస్థలో కొంత సొమ్ము పరుల ఖాతాకు మరలింపబడెను. ఊరిని, సంస్థను పేర్కొనను. ఇరువదిమూడేండ్ల గుమాస్తా యొకడు కూర్చుండు యంత్రమునుండి, వాని పేరుతోనే, ఆ పని జరిగినట్లు చిట్టాలో నుండెను. గంట 14-20. హాజరుపట్టీలో ఆ దినము వాడు ఉదయము పదింటినుండి సాయంకాలము ఆఱింటివఱకు నున్నట్లు సంతకము కలదు. ఇంతకంటె ఏమి కావలయును? వానిని సబ్‌జైలులో నుంచిరి. వాని తల్లి పూలు కట్టి అమ్మునది. వకీలునకీయ ధనములేక, ఎవరో చెప్పగా నా యొద్దకు వచ్చి, “బాబుగారూ, మావాడికి ఆ యంత్రమే సాక్షి యంటున్నారు, మీరొక్కసారి ఆ యంత్రాన్ని అడగండి” యనెను. ఆ మాట నేను మఱువలేదు. నేను సొంతముగా అడుగుటకు వీలులేదని, న్యాయస్థానము ద్వారా కోరవలెనని చెప్పి, ఉచితముగా వాదించు న్యాయసహాయసంస్థకు ఉత్తరము వ్రాసి యిచ్చితిని. కొన్నివారములకు డిస్కు నకలు న్యాయస్థానము ద్వారా నాకు చేరెను.

చిట్టాలోని గంట మన గంటయా, ప్రమాణకాలమా యని ముందుగా తేల్చవలెను. సాఫ్టువేరును నమ్ముటకు నాకిష్టము లేదు. యంత్రమునకు బయట జరిగి, యంత్రములోను నమోదైన సంఘటన యొకటి కావలెను. చిట్టాలో అదే దినమున యంత్రము హఠాత్తుగా ఆగిపోయినట్లు 05-40 అని యొక పంక్తి కలదు. ఉదయము అయిదున్నర దాటి పదినిమిషములకు ఆ కార్యాలయము తాళములోనుండును. అప్పుడు యంత్రము నడచుచుండుట కేమి పని? విద్యుత్ సబ్‌స్టేషను పుస్తకమును తెప్పింపుమని కోరితిని. అందు ఆ వీథికి పగలు 11 గంటల 10 నిమిషములకు కరెంటు పోయినట్లు వ్రాసియున్నది. పదునొకండు పదినుండి అయిదున్నర తీసివేయగా అయిదు నలువది. అట్టివే మఱి రెండు సంఘటనలు మఱి రెండు దినములలో దొరికెను, అవియు సరిపోయెను. అనగా సొమ్ము మరలిన 14-20 మన కాలమున రాత్రి 7 గంటల 50 నిమిషములు. అప్పటికి గుమాస్తా సంతకముచేసి పోయి దాదాపు రెండుగంటలాయెను. వాడు ఊరికి పోవు బస్సు టిక్కెట్టు వాని చొక్కాజేబులోనిదే, నిర్బంధమునాటి పంచనామాలో మొదటినుండియు ఉన్నది. దానిని ఎవరును పట్టించుకొనలేదు, పట్టించుకొనవలసిన యవసరము వారికి కనబడలేదు గనుక. వాడు జైలులో నుండినది నలువదియొక్క దినములు.

ఆ వ్యవహారమును పరిశోధించిన ఇన్‌స్పెక్టరు నా శిక్షణతరగతిలో కొన్నివారములు కూర్చున్నవాడే, తెలివిగలవాడు, లంచమెఱుగనివాడు. నా నివేదిక న్యాయస్థానమునకు చేరిన సాయంకాలము నా యింటికి వచ్చి, కాఫీ ముట్టుకొనక, “మాస్టారూ, మీరు మావైపా, వాళ్ల వైపా?” యనెను. నేను డిస్కువైపు అంటిని. “సరేనండి. ఆ కుర్రవాడు కాకపోతే మరెవరు? అదైనా చెప్పండి.” రాత్రి ఏడు ఏబదికి ఆ యంత్రము ముందు ఎవరో కూర్చుండిరి, వారికి గుమాస్తా రహస్యపదము తెలియును, కార్యాలయపు తాళపుచెవి వారికి దొరకును, ఇంతే చెప్పగలనంటిని. తాళపుచెవులు ఎవరెవరియొద్ద నుండునో విచారించుట నీ పని, నాది గాదంటిని. అతడు చాలసేపు మౌనముగా కూర్చుండి వెడలిపోయెను. తరువాత ఏడాదివఱకు మా తరగతులకు ఆ స్టేషనునుండి ఎవరును రాలేదు. గుమాస్తా విడుదలయ్యెను గాని ఆ సంస్థ వానిని మరల పనిలో పెట్టుకొనలేదు. సొమ్ము తీసినవాడు పట్టుబడలేదు.

ఇట్టి యధ్యాపకుడు పోలీసులకు ఉపకారియా, అపకారియా యని శ్రోతలకు తోచవచ్చును. అందుకు బదులుగా ఇంగ్లండు కథను చెప్పుదును. అచ్చటి పోస్టాఫీసు 1999 మొదలు తన శాఖలలో హొరైజన్ అను లెక్కల ప్రోగ్రామును ప్రవేశపెట్టెను. ఆ ప్రోగ్రాము లేని లోటును ఉన్నట్లు చూపుచుండెను. శాఖలు నడుపువారు మేము తీయలేదని మొఱపెట్టినను, యంత్రము చెప్పుచున్నది గదా యని, 2015 వఱకు తొమ్మిదివందలమందికి పైగా శిక్షలు పడినవి. కొందఱు ఇండ్లమ్మి లేని లోటును పూరించిరి. కొందఱు చెఱసాలకు పోయిరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు. విశేష మేమనగా, యంత్రము సరిగా పనిచేయుచున్నదని రుజువు చేయవలెనను పాత నియమమును అచ్చటి శాసనసభ 1999లోనే తొలగించియుండెను. అప్పటినుండి, కాదని చూపువఱకు యంత్రము సరియైనదే యని న్యాయస్థానములు భావించుచుండెను. ఆ ప్రోగ్రాములోని దోషములను 2019 డిసెంబరులో ఉన్నతన్యాయస్థానము గుర్తించెను. 2021 ఏప్రిలులో ముప్పదితొమ్మిదిమంది శిక్షలు ఒక్కదినమున కొట్టివేయబడెను. 2024లో మిగిలినవారికొఱకు ప్రత్యేకచట్టమే చేయవలసివచ్చెను. ఇరువదేండ్లు! ఆ కాలమంతయు చిట్టాను సందేహించి చూచువాడొక్కడు ప్రతి న్యాయస్థానమునను లేకపోయెను.

మన చట్టము ఈ విషయమున మఱియొక త్రోవ తొక్కినది. సాక్ష్యచట్టములోని 65బి ప్రకరణము కంప్యూటరు పత్రములకు ధ్రువపత్రము వలయునని చెప్పెను. ఆ నియమము విడువరానిదని సుప్రీముకోర్టు 2014లో అన్వర్ వ్యాజ్యమున తీర్పుచెప్పెను. నడుమ 2018లో కొంత సడలింపు వచ్చినను, 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తులు పూర్వపు మాటనే స్థిరపఱచిరి. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములో 63వ ప్రకరణము దానిస్థానమున నున్నది. ఈ క్రొత్త ధ్రువపత్రము రెండుభాగములు. ఒకటి యంత్రమును వాడువారు ఈయవలెను, రెండవది నిపుణుడు ఈయవలెను. రెండింటను హాష్ సంఖ్య వ్రాయవలెను. ఇది మంచిదే. కాని ధ్రువపత్రము నకలు మాఱలేదని మాత్రమే చెప్పును. అయిదున్నర గంటల తేడాను ఏ ధ్రువపత్రమును పట్టజాలదు.

యంత్రముకంటె పరీక్షకుడే నాకు ఎక్కువ భయము కలిగించును. నార్వే పోలీసు విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన నినా సుందె, లండనులో మనస్తత్త్వమును పరిశోధించు ఇటియెల్ డ్రోర్ అను నిద్దఱు 2021లో ప్రచురించిన వ్యాసము నొకదానిని మా విద్యార్థులచే రెండుమాఱులు చదివింతును. ఏబదిముగ్గురు పరీక్షకులకు ఒకే డిస్కు నకలు నిచ్చిరి. కొందఱితో ముద్దాయి దోషియని సూచించు కథ చెప్పిరి. కొందఱితో నిర్దోషియని సూచించు కథ చెప్పిరి. కొందఱితో ఏమియు చెప్పలేదు. డిస్కు ఒక్కటే. కాని విన్న కథనుబట్టి చూచిన జాడల లెక్క మాఱినది. నిర్దోషియని విన్నవారు తక్కువ జాడలు చూచిరి. అంతకంటె వింత, ఒకే కథ విన్నవారిలోనే యొకరి నివేదిక మఱియొకరిదానితో కలియలేదు. ఇది చదివిననాటినుండి మా ప్రయోగశాలలో ఒక యేర్పాటు చేసికొంటిమి. వచ్చిన ఉత్తరమును ఒకరు చదివి, అడిగిన ప్రశ్నలను మాత్రము విడదీసి వ్రాయుదురు. డిస్కును పరీక్షించువాడు ముద్దాయి పేరుగాని, నేరకథగాని వినడు. దీనికి కాలము ఎక్కువ పట్టుచున్నదని అధికారులు విసుగుకొందురు. విసుగుకొననిమ్ము.

ఇక ఈ విద్యలో చేరగోరువారికి రెండుమాటలు. మూడుదినముల శిక్షణ పొంది, గోడకు పటము తగిలించి, సైబరు నిపుణులమని ప్రకటించుకొనువారి సంఖ్య వర్షాకాలపు పుట్టగొడుగులవలె పెరుగుచున్నది. ఆ త్రోవ వలదు. గణితము, యంత్రముల యంతర్నిర్మాణము, తరువాత సాక్ష్యచట్టము నేర్చుకొనుడు; అంతకుముందు మీ మాతృభాషలో స్పష్టముగా నాలుగుపంక్తులు వ్రాయుట నేర్చుకొనుడు, ఏలయన న్యాయమూర్తి చదువునది మీ నివేదికనే గాని మీ డిస్కును గాదు. పని నానాటికి కష్టమగుచున్నది. నేటి డిస్కులు కొన్ని, తుడిచివేసిన చోట్లను తమంతట తామే శుభ్రము చేసికొనును. ఫోనులు తాళముతోడనే పుట్టుచున్నవి. సాక్ష్యము సగము సముద్రములకవతలి యంత్రములలో నుండును. ఒకే ఇంటర్‌నెట్టు సంఖ్యను వందలమంది చందాదారులు ఒక్కసారే పంచుకొనుచుందురు గనుక, ఆ సంఖ్యనుబట్టి తలుపు తట్టుట ఒక వీథి యంతటిని అనుమానించుటవంటిది. పసిపిల్లలపై జరిగిన అత్యాచారముల చిత్రములను పరీక్షింపవలసివచ్చు దినములును కలవు. ఆ దినములలో మా పిల్లలను ఒంటరిగా కూర్చుండనీయను; నాలుగుగంటలకు మించి చూడనీయను. జీతము సాఫ్టువేరు సంస్థలలో వచ్చునంత రాదు. ఈ మాట తలిదండ్రులు వినవలెనని చెప్పుచున్నాను.

వృత్తికి సంబంధింపకపోయినను ఒక మాట ఇక్కడనే చెప్పివేయుదును. ఎవరైనను మోసగించి మీ బ్యాంకు సొమ్ము లాగినచో, సిగ్గుపడి దినములు గడుపవలదు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు దుముకుచుండును. మొదటి గంటలలో నాపినచో దొరకవచ్చును. మఱునాడు మా వంటివారు చేయగలిగినది, అది పోయిన త్రోవను పటముగా గీయుట మాత్రమే.

సంవత్సరాంతమున నేను పెట్టు పరీక్షను చెప్పి విరమింతును. ప్రతి విద్యార్థికిని ఒక డిస్కు నకలు నిత్తును. అందు ఒక చిన్నపట్టణపు దుకాణపు లెక్కలు, ఉత్తరములు, ఫోటోలు, పాటలు ఉండును. అది నేనే, వేసవి సెలవులలో, కల్పించి తయారుచేసినది. నిజముగా బాధపడినవారి డిస్కును పాఠమునకు వాడుట నాకిష్టము లేదు. యజమాని దొంగలెక్కలు వ్రాసెనని అనుమానము, పరీక్షించి నివేదిక యిమ్మని ప్రశ్న. వారము రోజులు గడువు. ఆ డిస్కులో దొంగలెక్క యేదియు లేదు. తుడిచివేసిన ఫైళ్లున్నవి, అవి పండుగ శుభాకాంక్షలు. అర్ధరాత్రి తెఱచిన పత్రములున్నవి. కాలమును సరిచూచుకొన్నచో అవి ఉదయము దుకాణము తెఱచినవేళవి. ప్రతియేటను సగముకంటె ఎక్కువమంది ఏదో యొక నేరము కనిపెట్టి పదేసిపుటలు వ్రాయుదురు. గత సంవత్సరము ఒక బాలిక, కర్నూలువైపునుండి వచ్చినది, ఏడవదినము సాయంకాలము నా గదికి వచ్చి, “ఏమీ దొరకలేదు సార్, ఇంకో రెండు రోజులు గడువు ఇస్తారా?” యని యడిగెను. ఈయనంటిని. ఆమె అక్కడనే నిలుచుండి, తాను వెదకిన చోట్లన్నియు వరుసగా వ్రాసి, అనుమానమును బలపఱచునది యేదియు కనబడలేదని క్రింద నొక పంక్తి చేర్చి, సంతకముచేసి యిచ్చెను. నివేదిక యంతయు కలిసి ఒకటిన్నర పుట. ఆమె ఇప్పుడు మా ప్రయోగశాలలోనే పనిచేయుచున్నది.